బి-కణ లింఫోమా చరిత్ర: లండన్ నుంచి బాచుపల్లి దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.
- బి-కణ లింఫోమా అంటే ఏమిటి, దానిని ఒకే వ్యాధిగా ఎందుకు పరిగణించరు
- దాని రకాలను శాస్త్రజ్ఞులు ఏ కాలంలో, ఏ ఆధారాలతో వేరు చేశారు
- దాని చికిత్స చరిత్రలో తెలుగువారి పాత్ర, హైదరాబాద్ ఔషధ పరిశ్రమ పాత్ర ఏమిటి

1. ప్రవేశిక

చరిత్ర అంటే రాజ్యాలు, యుద్ధాలు, ఉద్యమాలు అని మీరు పాఠశాలలో చదువుకొన్నారు. వ్యాధులకు కూడా చరిత్ర ఉంది. ఒక వ్యాధిని మనుషులు ఎప్పుడు గుర్తించారు, ఏ పేరు పెట్టారు, ఏ మందు కనుక్కొన్నారు, ఆ మందు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్నలు సామాజిక చరిత్రకు చెందినవే. ఈ పాఠంలో బి-కణ లింఫోమా అనే రక్తసంబంధ క్యాన్సర్‌ను ఆ దృష్టితో పరిశీలిద్దాం.

ముందుగా మన శరీరంలోని ఒక ఏర్పాటును గుర్తు చేసుకోండి. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్లలు చేతికి తగులుతాయి. ఇవే శోషరస గ్రంథులు, అంటే లింఫ్ గ్రంథులు. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు, అంటే లింఫోసైట్లు, వీటిలో గుమిగూడి ఉంటాయి. పుండు మానితే బిళ్ల కరిగిపోతుంది. కొన్నిసార్లు ఏ పుండూ లేకుండానే ఒక లింఫోసైటు అదుపు తప్పి, తనలాంటి కణాలనే లక్షల సంఖ్యలో పుట్టిస్తుంది. అప్పుడు వచ్చే వ్యాధి లింఫోమా. అదుపు తప్పిన కణం ‘బి’ రకం లింఫోసైటు అయితే అది బి-కణ లింఫోమా. లింఫోమాల్లో అత్యధిక భాగం ఈ రకానివే.

ఈ చరిత్రలో ఒక సూత్రం మీకు పదేపదే కనిపిస్తుంది. వ్యాధిని సరిగా విడదీసి సరైన పేరు పెట్టినప్పుడల్లా చికిత్స ఒక మెట్టు ముందుకు వెళ్లింది. కాని పేరు తెలిసినంత మాత్రాన రోగి బతకలేదు. మందు అతని చేతికి అందే ధరలో, అందే దూరంలో ఉన్నప్పుడే ఆ జ్ఞానం ఫలించింది. ఈ రెండు అంశాలనూ దృష్టిలో పెట్టుకొని పాఠం చదవండి.

2. పేరు లేని వ్యాధికి పేరు

1832లో లండన్‌లోని గైస్ ఆసుపత్రికి చెందిన థామస్ హాడ్జ్‌కిన్ అనే వైద్యుడు, గ్రంథులు, ప్లీహం బాగా వాచి మరణించిన ఏడుగురి వివరాలను ఒక వ్యాసంలో వెల్లడించాడు. ఆ వాపు సాధారణ చీము వల్ల వచ్చింది కాదని ఆయన అభిప్రాయం. ఆ వ్యాసాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1865లో సామ్యూల్ విల్క్స్ అదే వ్యాధిని మళ్లీ పరిశీలించి, హాడ్జ్‌కిన్ పేరునే దానికి పెట్టాడు. హాడ్జ్‌కిన్ చూసిన ఏడుగురిదీ ఒకే జబ్బు కాదని తరవాతి పరిశోధకులు తేల్చారు. గ్రంథులు వాచినంత మాత్రాన వ్యాధి ఒక్కటే అనుకోవడం ఎంత తేలికో దీన్నిబట్టి మీకు తెలుస్తుంది.

ఆ తరవాత సూక్ష్మదర్శిని రంగంలోకి వచ్చింది. 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్, 1902లో డొరతీ రీడ్ హాడ్జ్‌కిన్ వ్యాధిలో కనిపించే ప్రత్యేకమైన పెద్ద కణాన్ని వర్ణించారు. ఆ కణం కనిపిస్తే హాడ్జ్‌కిన్ వ్యాధి. కనిపించకపోతే ‘లింఫోసార్కోమా’ వంటి పేర్లు పెట్టేవారు. కాలక్రమంలో ఆ మిగిలినవాటన్నిటినీ కలిపి ‘నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా’ అన్నారు. ఈ పేరు వ్యాధి ఏది కాదో చెప్పింది గాని, ఏదో చెప్పలేదు. ఏదో చెప్పాలంటే ముందు లింఫోసైట్లలో రకాలున్నాయని తెలియాలి. ఆ సంగతి కోళ్ల నుంచి తెలిసింది.

3. కోడిపిల్లలు నేర్పిన పాఠం

పక్షుల పేగు చివర ఒక చిన్న తిత్తి ఉంటుంది. దీనిని ఫాబ్రీషియస్ తిత్తి, లాటిన్‌లో ‘బర్సా’ అంటారు. అది ఎందుకు ఉందో ఎవరికీ తెలిసేది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి కోడిపిల్లల్లో ఆ తిత్తిని తొలగించి, ఫలితాలను గమనిస్తున్నాడు. తోటి విద్యార్థి తిమోతీ చాంగ్ తన తరగతిలో ప్రదర్శనకు ఆ కోళ్లలో కొన్నిటిని తీసుకొన్నాడు. సూక్ష్మజీవులను ఎక్కిస్తే కోడి రక్తంలో వాటిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, పుట్టాలి. తిత్తి తీసేసిన కోళ్లలో అవి పుట్టలేదు. ప్రదర్శన విఫలమైంది, ఒక గొప్ప విషయం బయటపడింది. 1956లో వారు ఈ ఫలితాన్ని కోళ్ల పెంపకానికి సంబంధించిన ఒక శాస్త్ర పత్రికలో ప్రచురించారు.

1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ దీనిని మరింత స్పష్టం చేశారు. యాంటీబాడీలను తయారు చేసే లింఫోసైట్లు వేరు, థైమస్ గ్రంథిలో పరిపక్వమయ్యే లింఫోసైట్లు వేరు అని నిరూపించారు. బర్సా పేరు మీద మొదటివి బి-కణాలు, థైమస్ పేరు మీద రెండోవి టి-కణాలు అయ్యాయి. మనుషులకు బర్సా లేదు. మన బి-కణాలు ఎముకల మూలుగలో పుడతాయి.

4. ఒక వ్యాధి అనేక వ్యాధులుగా విడిపోవడం

1974లో అమెరికాలో ల్యూక్స్, కాలిన్స్, జర్మనీలోని కీల్ నగరంలో కార్ల్ లెన్నెర్ట్ బృందం కణం పుట్టుకను ఆధారం చేసుకొని లింఫోమాలను వర్గీకరించారు. కొన్నేళ్లపాటు ఒక్కొక్క దేశం ఒక్కొక్క పద్ధతి పాటించింది. 1982లో అందరికీ ఉమ్మడిగా ఉండేలా ‘వర్కింగ్ ఫార్ములేషన్’ రూపొందింది. అయితే అది మళ్లీ సూక్ష్మదర్శినిలో కనిపించే రూపం మీదనే ఆధారపడింది. 1994లో వచ్చిన ‘రియల్’ వర్గీకరణ రూపం, కణం పైనున్న గుర్తులు, జన్యువులు, వ్యాధి నడక అనే నాలుగు ఆధారాలనూ కలిపింది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానినే విస్తరించి స్వీకరించింది. ఇప్పుడు ప్రయోగశాలలు ఇచ్చే నివేదికల్లో కనిపించే పేర్లు ఆ పరంపరలోవే. వాటిలో ముఖ్యమైనవి చూడండి.

(అ) డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా: అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం ఇదే. పెద్ద కణాలు గ్రంథి అంతటా పరుచుకొని ఉంటాయి. వారాల్లో, నెలల్లో పెరుగుతుంది. వేగంగా పెరిగేది కాబట్టి భయంకరంగా అనిపిస్తుంది. కాని మందుకు లొంగి, చాలామందిలో పూర్తిగా నయమయ్యేది కూడా ఇదే. పైకి ఒకేలా కనిపించే ఈ రకంలోనూ జన్యువుల తీరునుబట్టి కనీసం రెండు వేర్వేరు వ్యాధులున్నాయని 2000లో పరిశోధకులు చూపారు.

(ఆ) ఫాలిక్యులర్ లింఫోమా: 1925లో బ్రిల్, 1927లో సిమ్మర్స్ వర్ణించిన రకం. ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. 14వ, 18వ క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల, చావవలసిన కణం చావకుండా నిలుస్తుంది. బాధ లేని రోగికి వెంటనే మందు మొదలుపెట్టకుండా, క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వేచి ఉండటం కూడా ఇక్కడ సరైన వైద్యమే. మందుతో తగ్గినా, తిరిగి వచ్చే స్వభావం దీనికి ఉంది.

(ఇ) బర్కిట్ లింఫోమా: ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1958లో పిల్లల దవడల్లో పెరిగే గడ్డలను వర్ణించాడు. ఇది మనిషికి వచ్చే క్యాన్సర్లలో అత్యంత వేగంగా పెరిగేవాటిలో ఒకటి. 1964లో ఈ గడ్డల కణాల్లోనే ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను కనుక్కొన్నారు. మానవ క్యాన్సర్‌తో సంబంధమున్నట్లు తేలిన మొదటి వైరస్ ఇదే.

(ఈ) మాల్ట్ లింఫోమా: జీర్ణాశయం వంటి అవయవాల లోపలి పొరల్లో వస్తుంది. 1983లో ఐజాక్‌సన్, రైట్ దీనిని గుర్తించారు. జీర్ణాశయంలో వచ్చే రకానికి చాలాసార్లు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా మూలం. ఆ బ్యాక్టీరియాను యాంటీబయాటిక్ మాత్రలతో తొలగిస్తే గడ్డ కూడా తగ్గుతున్నట్లు 1993లో తెలిసింది. సరైన పేరు పెట్టడం వల్ల రోగికి శస్త్రచికిత్సే తప్పిపోయిందంటే వర్గీకరణ విలువ మీకు అర్థమవుతుంది.

(ఉ) మాంటిల్ సెల్ లింఫోమా: 11వ, 14వ క్రోమోజోముల మార్పు దీని గుర్తు. వయసు పైబడిన పురుషుల్లో ఎక్కువ.

(ఊ) క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా / స్మాల్ లింఫోసైటిక్ లింఫోమా: రక్తంలో ఎక్కువగా కనిపిస్తే మొదటి పేరు, గ్రంథుల్లో కనిపిస్తే రెండో పేరు. రెండూ ఒకే వ్యాధి అని 1994 వర్గీకరణ స్పష్టం చేసింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. ‘బి-కణం కానిది’ అన్నట్లు శతాబ్దం పైగా విడిగా ఉంచిన హాడ్జ్‌కిన్ వ్యాధిలోని పెద్ద కణం కూడా బి-కణం నుంచే పుట్టిందని 1990ల పరిశోధనలు చూపాయి. అందుకే నేడు దానిని ‘హాడ్జ్‌కిన్ లింఫోమా’ అంటున్నారు. చికిత్స వేరు కాబట్టి విడిగానే చదువుతారు.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. బి-కణానికి ఆ పేరు ఎలా వచ్చింది?
2. మాల్ట్ లింఫోమా గుర్తింపు చికిత్సను ఎలా మార్చింది?

5. మందుల చరిత్ర: భీమవరం నుంచి కంపాలా దాకా

లింఫోమాకు మొదటి రసాయన మందు యుద్ధం నుంచి వచ్చింది. మస్టర్డ్ గ్యాస్ సోకిన సైనికుల్లో తెల్లకణాలు తగ్గిపోవడం మొదటి ప్రపంచయుద్ధం నాటికే వైద్యులు గమనించారు. 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ ఆ వాయువుకు దగ్గరి బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫోసార్కోమా ఉన్న రోగికి ఇప్పించారు. గడ్డలు కరిగాయి, కొద్దికాలానికే తిరిగి వచ్చాయి. యుద్ధ రహస్యం కాబట్టి ఈ సంగతి 1946 దాకా ప్రచురణకు నోచుకోలేదు.

రెండో మార్గం ఒక తెలుగు శాస్త్రజ్ఞుడి ప్రయోగశాల నుంచి వచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసులో వైద్యం చదివాడు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో మరణించిన దుఃఖాన్ని చిన్న వయసులోనే చూశాడు. 1920లలో హార్వర్డ్ చేరి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే సంస్థకు మారాడు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ జబ్బుకు ఉపయోగపడే విటమిన్ అది. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకొనే పదార్థాన్ని ఇస్తే క్యాన్సర్ కణం పెరుగుదల ఆగాలి. ఆ ఆలోచనతో అదే సంస్థలో అమినోప్టెరిన్, ఆ వెనుకే మెథోట్రెక్సేట్ తయారయ్యాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు జరిగినట్లు 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టు 8న సుబ్బారావు కన్నుమూశాడు. మెథోట్రెక్సేట్ కంపాలా చేరి, బర్కిట్ రోగుల గడ్డలను కరిగించిన వివరాలు 1963లో వెలువడ్డాయి. మెదడులోకి వచ్చే బి-కణ లింఫోమాకు నేటికీ అదే ప్రధానమైన మందుల్లో ఒకటి.

ఒక్క మందుతో వ్యాధి తగ్గినట్టే తగ్గి తిరిగి వస్తున్నదని వైద్యులకు అర్థమైంది. 1970లలో నాలుగు మందులను కలిపి ‘చాప్’ అనే పద్ధతి రూపొందించారు. ఆ నాలుగింటి పుట్టుక ఆసక్తికరమైనది. సైక్లోఫాస్ఫమైడ్ నైట్రోజన్ మస్టర్డ్ సంతతి. డాక్సోరూబిసిన్ ఇటలీ మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిన పదార్థం నుంచి అభివృద్ధి చెందింది. రంగునుబట్టి మన రోగులు దానిని ‘ఎర్ర మందు’ అంటారు. విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో పెరిగే బిళ్ల గన్నేరు మొక్క నుంచి తీసినది. ప్రెడ్నిసోన్ స్టెరాయిడ్ మాత్ర. ఇంతకంటే బలమైన కలయికలు ఎన్నో వచ్చాయి. 1993లో ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం వాటిలో మూడింటిని చాప్‌తో పోల్చి చూసింది. అవేవీ చాప్ కంటే మెరుగు కాలేదు. కేవలం విషం మోతాదు పెంచి గెలవలేమని తేలిపోయింది.

6. గుర్తు చూసి కొట్టే మందు

1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారు చేసే విధానం కనిపెట్టారు. దానికి 1984లో నోబెల్ బహుమతి లభించింది. మరోవైపు బి-కణం పైపొర మీద ఉండే ఒక గుర్తును 1980లో బోస్టన్ పరిశోధకులు పట్టుకొన్నారు. దానిని ఇప్పుడు సిడి20 అంటారు. ఈ గుర్తు చాలా బి-కణ లింఫోమాల మీద ఉంటుంది. బి-కణాలను పుట్టించే మూలకణాల మీద మాత్రం ఉండదు. కాబట్టి సిడి20 ఉన్న కణాలన్నిటినీ నాశనం చేసినా, కొన్ని నెలలకు శరీరం మంచి బి-కణాలను మళ్లీ పుట్టించుకోగలదు.

ఆ గుర్తుకు అతుక్కొనే యాంటీబాడీయే రిటుక్సిమాబ్. అందులో గుర్తును పట్టుకొనే భాగం ఎలుకది, మిగిలిన భాగం మనిషిది. 1997 నవంబరులో అమెరికా దానిని ఆమోదించింది. క్యాన్సర్ చికిత్సకు ఆ దేశం ఆమోదించిన మొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ అదే. ఫ్రాన్స్ పరిశోధకుడు బెర్ట్రాండ్ క్వాఫియే బృందం డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకం ఉన్న 60-80 ఏళ్లవారిని 399 మందిని అధ్యయనం చేసి, 2002లో ఫలితాలు ప్రకటించింది. రెండేళ్ల తరవాత చాప్ మాత్రమే తీసుకొన్నవారిలో 57 శాతం, రిటుక్సిమాబ్ కలిపి తీసుకొన్నవారిలో 70 శాతం జీవించి ఉన్నారు. దీనినే ‘ఆర్-చాప్’ అంటారు. పాతికేళ్లుగా కదలని అంకె కదిలింది.

కాని ఆ మందు ధర ఇక్కడి మధ్యతరగతి కుటుంబం ఇల్లు అమ్ముకొనేంత స్థాయిలో ఉండేది. కాగితం మీద 70 శాతం అందరిదీ. ఆచరణలో అది కొనగలిగినవారిది.

7. బాచుపల్లి అధ్యాయం

మీలో కొందరు లింగంపల్లి, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతూ ఉంటారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతం పేరు కంప్యూటర్లతో ముడిపడిపోయింది. అంతకంటే పాతది ఈ ప్రాంతపు మందుల చరిత్ర. సోవియట్ సహకారంతో బాలానగర్‌లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ ఒక తరం రసాయన నిపుణులను తయారు చేసింది. మందు తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వని 1970 నాటి చట్టం వారికి దారి వేసింది. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, బాచుపల్లిలలో కర్మాగారాలు వెలిశాయి. ఆ ఎదుగుదలకు పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులు, నక్కవాగు కాలుష్యంతో మూల్యం చెల్లించాయన్నదీ ఈ చరిత్రలో భాగమే.

ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించాడు. లింగంపల్లి నుంచి మియాపూర్ మీదుగా పది పన్నెండు కిలోమీటర్లు వెళితే బాచుపల్లి. అక్కడ ఆ సంస్థ జీవ ఔషధాల విభాగాన్ని నెలకొల్పింది. 2007 ఏప్రిల్‌లో ‘రెడిటక్స్’ పేరుతో రిటుక్సిమాబ్‌ను విదేశీ మందు ధరలో దాదాపు సగానికి విడుదల చేసింది. ఐరోపాలో మొదటి రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌కు ఆమోదం దొరికింది 2017లో. అంటే బాచుపల్లి పదేళ్లు ముందుంది.

‘బయోసిమిలర్’ అన్న మాటను అర్థం చేసుకోండి. పారాసెటమాల్ వంటి చిన్న అణువును ఏ కర్మాగారంలోనైనా అచ్చంగా అలాగే తయారు చేయవచ్చు. యాంటీబాడీ అలా కాదు. అది జీవకణాల్లో తయారయ్యే పెద్ద ప్రొటీను. కణాలు పెరిగే తొట్టెలో వేడి, పోషకాలు కొంచెం మారినా ప్రొటీను మారవచ్చు. అందుకే ‘అదే మందు’ అనరు, ‘పోలిన మందు’ అంటారు, పోలికను పరీక్షలతో రుజువు చేయాలంటారు. 2007 నాటికి మన దేశంలో ఇందుకు ప్రత్యేక మార్గదర్శకాలు లేవు. అవి 2012లో వచ్చాయి. తొలి విడుదలకు తగినన్ని పరీక్షలు జరిగాయా అన్న చర్చ నిపుణుల మధ్య సాగింది. చౌక, నాణ్యత రెండూ ఉండాలని రోగి కోరడంలో అత్యాశ లేదు. చరిత్ర విద్యార్థిగా మీరు రెండు వాదాలనూ తూచి చూడాలి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిటుక్సిమాబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇతర సంస్థలు కూడా తయారీకి దిగడంతో ధర మరింత తగ్గింది.

అదే 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమైంది. పేద కుటుంబాల క్యాన్సర్ చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించడం దానిలో ఒక భాగం. పరిశ్రమ ధర తగ్గించడం, ప్రభుత్వం ఖర్చు భరించడం అనే రెండు మార్పులు ఒకే నెలలో మొదలుకావడం యాదృచ్ఛికమే. కాని రోగికి రెండూ కావలసినవే.

8. రోగి దారి

మందు ఉంది, పథకం ఉంది. అయినా రోగి ఆలస్యంగా ఎందుకు చేరుతున్నాడు? మన దేశంలో మెడ బిళ్లలకు క్షయ చాలా సాధారణ కారణం. దానినే మనవాళ్లు గండమాల అన్నారు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం అనే మూడు లక్షణాలు క్షయకూ ఉంటాయి, లింఫోమాకూ ఉంటాయి. అందువల్ల ముక్క తీసి పరీక్షించకుండానే క్షయ మందులు మొదలుపెట్టడం కద్దు. మా బంధువుల్లో ఒకాయన ఐదు నెలలు అలా మాత్రలు మింగాడు. బిళ్లలు తగ్గకపోగా చంకల్లోకి పాకాయి. చివరికి ఒక గ్రంథిని మొత్తంగా తీసి పరీక్షిస్తే డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ అని వచ్చింది. ఆర్-చాప్ ఆరు విడతల తరవాత ఆయన మళ్లీ పొలం పనికి వెళ్లాడు. ఐదు నెలల ఆలస్యానికి అంత మంచి ముగింపు అందరికీ దొరకదు.

సూదితో లాగిన నాలుగు కణాలు లింఫోమా ఉందన్న అనుమానాన్ని మాత్రమే చెప్పగలవు. రకం తెలియాలంటే గ్రంథి నిర్మాణం కనపడాలి, సిడి20 వంటి గుర్తులకు పరీక్ష చేయాలి. గుర్తు ఉందో లేదో తెలియకుండా రిటుక్సిమాబ్ ఇవ్వడానికి వీల్లేదు. ఇన్నేళ్ల వర్గీకరణ వివాదాలు చివరికి రోగి చేతిలోని ఆ ఒక్క కాగితం మీద పేరుగా మిగులుతాయి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో ఏర్పడింది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నెలకొన్న ఈ ప్రభుత్వ సంస్థకు తెలంగాణ జిల్లాల నుంచే కాక పొరుగు రాష్ట్రాల నుంచి కూడా రోగులు వస్తారు. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైలులో లింగంపల్లిలో ఎక్కినవారు లక్డీకాపూల్‌లో దిగితే ఆసుపత్రి దగ్గరే. మూడు వారాలకు ఒకసారి ఆరు విడతలు మందు ఎక్కించుకోవాల్సిన కూలీకి రైలు టికెట్టు ధర కూడా చికిత్సలో భాగమే. కూలి పోయే రోజులు, తోడుగా వచ్చే మనిషి, ఉండటానికి చోటు ఏ మందుల జాబితాలోనూ కనిపించవు. కాని సగంలో చికిత్స ఆగిపోవడానికి అవే కారణాలవుతాయి.

చరిత్ర ఇక్కడితో ఆగలేదు. రోగి సొంత టి-కణాలను మార్చి బి-కణాల మీదికి పంపే కార్-టి చికిత్సను అమెరికా 2017లో ఆమోదించింది. ముంబయిలో రూపొందిన అటువంటి చికిత్సకు 2023లో మన దేశంలో అనుమతి లభించింది. అది ఎవరికి అందుతుంది అన్న పాత ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

9. సారాంశం

1832లో ‘వాచిన గ్రంథులు’గా మొదలైన వ్యాధి, 1965 తరవాత బి-కణ, టి-కణ వ్యాధులుగా, 1994 తరవాత అనేక ప్రత్యేక వ్యాధులుగా విడిపోయింది. ప్రతి విభజనా చికిత్సను మార్చింది. సుబ్బారావు నాయకత్వంలోని పరిశోధన మెథోట్రెక్సేట్‌కు దారి తీసింది. రిటుక్సిమాబ్ ఫలితాలను మెరుగుపరిచింది. బాచుపల్లిలో తయారైన బయోసిమిలర్ దానిని ఎక్కువమందికి చేరువ చేసింది. రెండు మూడు వారాల్లో తగ్గని, నొప్పి లేని బిళ్ల ఎవరికి కనిపించినా, ముక్క పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగమని చెప్పండి. ఈ పాఠం మీ పరీక్షకు ఎంత పనికివస్తుందో, మీ ఇంటికీ అంతే పనికిరావాలి.

10. నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. బి-కణ లింఫోమా వర్గీకరణలో వచ్చిన మార్పులను కాలక్రమంలో వివరించండి.
2. ‘మందు కనుక్కోవడం వేరు, అందడం వేరు.’ రిటుక్సిమాబ్ చరిత్ర ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు, లింఫోమా చికిత్సకు గల సంబంధం ఏమిటి?
2. సాధారణ మందుకు, బయోసిమిలర్‌కు తేడా ఏమిటి?
3. మీ ప్రాంతంలో క్యాన్సర్ రోగి చికిత్సకు చేరే దారిలో ఎదురయ్యే అడ్డంకులను పేర్కొనండి.